మసి డబ్బా డైరీ: నలుపు కొలవడం దాకా వచ్చా, అది ఎవరి నలుపో తేల్చడం నడుస్తోంది

అసలు ఈ డబ్బా ఎందుకు

పీఎం 2.5 (అంటే గాలిలో 2.5 మైక్రాన్ల లోపు సన్న కణాలు) కొలిచే సెన్సర్ ఒకటి ఎప్పట్నుంచో నడుస్తోంది, దాని గ్రాఫ్ చూసీ చూసీ నాకు పట్టుకున్న డౌటు ఏంటంటే రోడ్డు మీద డీజిల్ బండి నల్లగా కక్కుకుంటూ పోయినా గీత పెద్దగా కదలదు, తెల్లారుజామున మంచు కమ్మితే మాత్రం పైకెక్కి కూర్చుంటుంది. కారణం ఆ సెన్సర్ పనితీరులోనే ఉంది. చవక సెన్సర్లు లేజర్ కాంతిని కణాలు ఎంత చెదరగొడుతున్నాయో చూసి బరువు అంచనా కడతాయి, 0.3 మైక్రాన్ కంటే చిన్నవి వాటికి దాదాపు ఆనవు. ఇంజన్లోంచి అప్పుడే బయటపడ్డ మసి కణాలేమో చాలావరకు 0.1 మైక్రాన్ అటూ ఇటూ ఉంటాయి. పైగా మసి కాంతిని చెదరగొట్టేది తక్కువ, మింగేసేది ఎక్కువ. తేమ పట్టి ఉబ్బిన ఉప్పు కణం మాత్రం బ్రహ్మాండంగా చెదరగొడుతుంది, సెన్సర్‌కి అదే పెద్ద పొల్యూషన్‌లా కనిపిస్తుంది.

పీఎం 2.5 అంటే అన్నీ కలిపి తూచిన బరువు కదా, అందులో మట్టి ఉంటుంది, సల్ఫేట్, నైట్రేట్ ఉంటాయి, ఆర్గానిక్ కార్బన్ ఉంటుంది, మసి వాటా బరువులో చిన్నదే. కానీ మట్టి గాలికి లేస్తుంది, సల్ఫేట్ గాలిలోనే తయారవుతుంది, మసి మాత్రం ఏదో ఒకటి కాలితే తప్ప పుట్టదు. అందుకే మూలం వెతకాలంటే మసి పట్టుకోవడం మేలు అనిపించింది. 2021లో డబ్ల్యూహెచ్‌ఓ ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో పీఎం 2.5కి ఏడాది సగటు క్యూబిక్ మీటర్‌కి 5 మైక్రోగ్రాములు, 24 గంటలకి 15 అని నంబర్లు ఉన్నాయి గానీ బ్లాక్ కార్బన్‌కి, అంటే ఈ మసికి, నంబర్ లేదు, కొలవండి, ఎక్కడినుంచి వస్తోందో లెక్కలు తయారు చేసుకోండి, తగ్గించండి అని సలహా మాత్రమే ఉంది. సరే, కొలుద్దాం అని కూర్చున్నా.

సూత్రం సింపుల్, లెక్క చిన్నది

తెల్లటి ఫిల్టర్ గుండా గాలి లాగాలి, ఒక వైపు లైట్ పెట్టాలి, ఇంకో వైపు కాంతిని కొలిచే ఫోటోడయోడ్ పెట్టాలి, మసి పేరుకునే కొద్దీ అవతలికి దాటే కాంతి తగ్గుతుంది, ఎంత వేగంగా తగ్గుతోందో చూస్తే గాలిలో మసి ఎంతుందో తెలుస్తుంది. అంతే. దీన్నే ఏథలోమీటర్ అంటారు, బర్క్‌లీ ల్యాబ్‌లో హాన్సెన్, రోసెన్, నోవకోవ్ కలిసి చేశారు, వాళ్ల పేపర్ 1984లో వచ్చింది. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువ చోట్ల నడిచేది ఈ పద్ధతే.

పార్టులు కొనకముందు కాగితం మీద లెక్క వేశా, ఎందుకంటే సిగ్నల్ ఎంత ఉంటుందో తెలియకుండా సర్క్యూట్ వేయడం దండగ. ఫిల్టర్ మీద మచ్చ వ్యాసం 6 మిల్లీమీటర్లు అనుకోండి, విస్తీర్ణం 0.28 చదరపు సెంటీమీటర్లు. పంపు నిమిషానికి 1 లీటరు లాగుతోంది, గాలిలో మసి క్యూబిక్ మీటర్‌కి 5 మైక్రోగ్రాములు ఉంది అనుకుంటే నిమిషంలో ఆ మచ్చ మీద పడేది 5 నానోగ్రాములు. పాత క్వార్ట్జ్ ఫిల్టర్ మెషీన్లలో 880 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతికి వాడిన గుణకం గ్రాముకి 16.6 చదరపు మీటర్లు, మసిని మచ్చ విస్తీర్ణంతో భాగించి దాంతో గుణిస్తే కాంతి తగ్గేది నిమిషానికి సుమారు 0.3 శాతం. గంటకైతే 16 శాతం దాకా వస్తుంది. అంటే గంట సగటు ఎవరైనా కొలవచ్చు, నిమిషం సగటు కావాలంటే మాత్రం ఎలక్ట్రానిక్స్ ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యాలి.

ఆ 16.6 నిజానికి మసి సొంత గుణం కాదు. ఫిల్టర్ పీచుల మధ్య కాంతి అటూ ఇటూ తగిలి ఒకే మసి కణాన్ని చాలాసార్లు తాకుతుంది, కాబట్టి నలుపు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, ఆ పెంపు కూడా అందులో కలిసే ఉంది. కొత్త మెషీన్లలో మసికి 7.77 విడిగా, ఫిల్టర్ పెంపు విడిగా పెడతారు. కాబట్టి ఫిల్టర్ రకం మారితే గుణకం మారుతుంది, నెట్‌లో ఎవరో వాడిన నంబర్ తెచ్చి మన ఫిల్టర్‌కి తగిలిస్తే కుదరదు.

బాక్స్ కట్టుడు

రెండు ఎల్ఈడీలు పెట్టా, 880 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఒకటి, 470 నీలం ఒకటి. ఒకటి వెలిగినప్పుడు ఇంకోటి ఆరి ఉంటుంది, మధ్యలో రెండూ ఆర్పి చీకటి రీడింగ్ ఒకటి తీసుకుంటుంది, దాన్ని రెండింటిలోంచీ తీసేస్తా. 880 ఎందుకంటే ఆ రంగులో దాదాపు మసి ఒక్కటే కాంతిని మింగుతుంది, మిగతా ఆర్గానిక్ సరుకు పెద్దగా మింగదు. 470 ఎందుకో తర్వాత చెప్తా, అసలు కథ అక్కడే ఉంది.

ఎక్కువ టైమ్ తిన్నది టెంపరేచర్. ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ వేడెక్కితే వెలుగు తగ్గుతుంది, డిగ్రీకి సగం శాతం అటూ ఇటూ. పైన లెక్క గుర్తుందా, 5 మైక్రోగ్రాముల మసి నిమిషంలో చేసే మార్పు 0.3 శాతం, అంటే బాక్స్ మీద ఎండ పడి ఒక్క డిగ్రీ పెరిగితే చాలు, నిమిషంన్నర మసి గాలిలోంచి ఊడిపడ్డట్టు చూపిస్తుంది. దీనికి మందు రిఫరెన్స్ మచ్చ. అదే ఫిల్టర్ ముక్క మీద పక్కన ఇంకో మచ్చ, దానికి ముందుగా మసి మొత్తం వడగట్టేసిన గాలి మాత్రమే వెళ్తుంది, అదే ఎల్ఈడీ దానికీ వెలుగిస్తుంది, ఇంకో ఫోటోడయోడ్ చదువుతుంది. రెండింటి నిష్పత్తి తీసుకుంటే ఎల్ఈడీ మూడ్ స్వింగ్స్ అన్నీ కొట్టుకుపోతాయి, తేమ వల్ల ఫిల్టర్ పీచు మారే గొడవ కూడా చాలావరకు పోతుంది. చాలావరకు అన్నా, మొత్తం కాదు, సాయంత్రం తేమ గబగబా పెరిగేటప్పుడు ఇంకా వణుకుతుంది, అందుకని ఇన్‌లెట్ దగ్గర సిలికా జెల్ డ్రయర్ పెట్టా.

ట్యూబు మామూలు ప్లాస్టిక్ వాడొద్దు, స్టాటిక్ కరెంటుకి చిన్న కణాలు గోడకి అంటుకుపోతాయి, లోహపు ట్యూబు గానీ కరెంటు పారే నల్ల సిలికాన్ ట్యూబు గానీ మంచిది. పంపు కొట్టుకునే దెబ్బలు ఫ్లోలో కనిపిస్తాయి కాబట్టి మధ్యలో ఒక ఖాళీ బాటిల్ పెడితే సాఫీ అవుతుంది. ఫ్లో సరిచూడటానికి సబ్బు బుడగ పద్ధతే వాడా, గీతలున్న గాజు గొట్టంలో బుడగ ఎంతసేపటికి పైకెక్కుతుందో స్టాప్‌వాచ్‌తో చూడటం, పాతకాలం పద్ధతే గానీ నమ్మకం. ఫ్లో 10 శాతం తేడా ఉంటే మసి కూడా సరిగ్గా 10 శాతం తేడా వస్తుంది, ఇందులో దాక్కునే దారి లేదు. లీక్ టెస్ట్ ఇంకా ఈజీ, ఇన్‌లెట్ వేలితో మూస్తే ఫ్లో సున్నాకి పోవాలి, పోకపోతే ఎక్కడో గాలి దొంగదారిన వస్తోంది.

తర్వాత ఇన్‌లెట్‌కి హెపా ఫిల్టర్ తగిలించి రాత్రంతా వదిలేశా. మసి లేని గాలి కదా, సున్నా చూపించాలి. సున్నా చుట్టూ పైకీ కిందకీ ఊగింది, ఆ ఊపే నా బాక్స్ నాయిస్. ఈ టెస్ట్ చేయకుండా గ్రాఫులు పోస్ట్ చేసేవాళ్లని నేను అస్సలు నమ్మను.

మైనస్ రీడింగులు

నిమిషం డేటాలో మైనస్ మసి వస్తుంది. గాలి శుభ్రంగా ఉన్నప్పుడు మార్పు కంటే నాయిస్ పెద్దది, అందుకని ఒక నిమిషం ప్లస్, ఇంకో నిమిషం మైనస్. చాలామంది మైనస్‌లు తీసేసి సగటు కడతారు, అలా చేస్తే సగటు దొంగగా పెరుగుతుంది, ఎందుకంటే పైకి పోయిన నాయిస్ ఉంచి కిందకి పోయిన నాయిస్ పారేసినట్టు. మైనస్‌లు అలాగే ఉంచాలి. 2011లో హాగ్లర్ టీమ్ ఒక మంచి పద్ధతి ఇచ్చింది, టైమ్ ప్రకారం కాకుండా కాంతి ఒక కనీస మోతాదు తగ్గేదాకా ఆగి అప్పుడు సగటు తీయడం. రోడ్డు పక్కన మసి దండిగా ఉంటే సగటు నిమిషానికే వస్తుంది, రాత్రి శుభ్రంగా ఉంటే దానంతట అదే పది పదిహేను నిమిషాలకి సాగుతుంది. కోడ్ కూడా చిన్నదే, పెట్టేశా.

ఫిల్టర్ నల్లబడ్డాక

ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ గ్రాఫ్ ఠక్కున పైకి దూకుతుంది. గాలి మారలేదు, ఫిల్టర్ మారింది. నల్ల గుడ్డ మీద ఇంకో మసి మరక పడితే కంటికి ఆనదు చూడండి, ఇదీ అంతే, పేరుకున్న మసి నీడలో కొత్త మసి దాక్కుంటుంది, రీడింగ్ తక్కువ చూపిస్తూ పోతుంది. విర్కులా టీమ్ 2007లో దీనికి ఒక చిన్న సూత్రం ఇచ్చింది, రీడింగ్‌ని ఒకటి ప్లస్ కే ఇంటూ అటెన్యుయేషన్‌తో (ఫిల్టర్ గుండా కాంతి ఎంత తగ్గిందో చెప్పే అంకె) గుణించడం, ఆ కే విలువని మార్చక ముందు మార్చిన తర్వాత రీడింగులు కలిసేలా ఎంచుకోవాలి. ఇది పనిచేయాలంటే మార్చే టైమ్‌లో గాలి నిలకడగా ఉండాలి, ట్రాఫిక్ పీక్‌లో మారిస్తే మసి నిజంగా పెరిగిందా లేక ఫిల్టర్ మాయా అన్నది తేలదు. అందుకని మధ్యాహ్నం మారుస్తున్నా.

కే అనేది ఒక్కసారి కనిపెట్టి గోడకి రాసుకునే నంబర్ కాదు. ఇప్పుడే పుట్టిన మసికి ఒకలా, గాలిలో తిరిగి తిరిగి మీద పూత పట్టిన మసికి ఇంకోలా ఉంటుంది, సీజన్‌తో కూడా మారుతుంది. పెద్ద మెషీన్లు ఈ తలనొప్పి వదిలించుకోడానికి రెండు మచ్చల మీద వేర్వేరు ఫ్లోలతో ఒకేసారి మసి పట్టి తేడాని బట్టి అక్కడికక్కడే సరిచేసుకుంటాయి, డ్రినోవెక్ వాళ్ల 2015 పేపర్ అదే. నా బాక్స్‌లో రెండో మచ్చ రిఫరెన్స్‌కి పోయింది, మూడోది పెట్టే చోటు లేదు.

పెద్ద మెషీన్ పక్కన

ఒక ల్యాబ్ వాళ్లు తమ ఏడు రంగుల ఏథలోమీటర్ పక్కన నా డబ్బా పెట్టుకోనిచ్చారు. 370 నుంచి 950 నానోమీటర్ల దాకా ఏడు ఎల్ఈడీలు దాంట్లో. గంట సగటులు బాగా కలిశాయి, నిమిషం సగటుల్లో నాది వెనకబడింది, ముందే ఊహించిందే. రెండు మెషీన్ల రీడింగుల్ని పోల్చి గీసిన గీత వాలు మాత్రం ఒకటి రాలేదు, నా ఫిల్టర్ పెంపు గుణకాన్ని ఈ పోలిక నుంచే తీసుకున్నా.

అక్కడ జరిగిన ముచ్చట్లలో తేలింది ఏంటంటే పెద్ద మెషీన్ కూడా మసిని తూచట్లేదు, నలుపు చూసి బరువుగా మార్చి చెప్తోంది. అందుకే 2013లో పెట్జోల్డ్, ఇంకా చాలామంది కలిసి ఆప్టికల్ పద్ధతిలో వచ్చినదాన్ని ఈక్వివలెంట్ బ్లాక్ కార్బన్ అని రాయమన్నారు. బరువే కావాలంటే ఫిల్టర్ ముక్కని ఓవెన్లో పెట్టి ముందు హీలియంలో మెట్లు మెట్లుగా వేడిచేస్తారు, ఆర్గానిక్ కార్బన్ ఆవిరైపోతుంది, తర్వాత ఆక్సిజన్ వదిలితే మిగిలిన ఎలిమెంటల్ కార్బన్ కాలుతుంది. ఇందులో తిరకాసు ఏంటంటే హీలియంలో వేడిచేసేటప్పుడే ఆర్గానిక్‌లో కొంత బొగ్గయి నల్లబడుతుంది, దాన్ని లేజర్‌తో కనిపెట్టి లెక్కలోంచి తప్పించాలి. ఏ ప్రోటోకాల్‌లో ఎన్ని డిగ్రీల దాకా పోతారనే దాన్ని బట్టి ఒకే ఫిల్టర్‌కి ఎలిమెంటల్ కార్బన్ వేరేగా వస్తుంది, కొన్ని శాంపిళ్లలో రెండింతల దాకా తేడా. కాబట్టి ఎవరైనా మా సిటీలో మసి ఇంత అని ఒక్క నంబర్ చెప్తే ఏ పద్ధతి అని అడగడం అలవాటైపోయింది.

ఇరవై నాలుగ్గంటల గీత

ఇక మూలం వేట. మొదట తోచేది టైమ్. పొద్దున్న ట్రాఫిక్‌కి ఒక గుట్ట, మధ్యాహ్నం లోయ, సాయంత్రం నుంచి రాత్రి దాకా ఇంకో పెద్ద గుట్ట. చూడగానే ట్రాఫిక్ అని చెప్పేయాలనిపిస్తుంది. కానీ మధ్యాహ్నం బండ్లు ఏమీ తగ్గవు, నేల వేడెక్కి గాలి పైకి కలిసిపోయే మందం పెరుగుతుంది, అదే మసి పెద్ద డబ్బాలో పలచబడుతుంది. రాత్రి ఆ మూత కిందకి దిగుతుంది, బండ్లు తగ్గినా మసి పేరుకుంటుంది. అంటే గీతలో సగం కథ మూలాలది కాదు, వాతావరణానిది.

ఇందులోంచి బయటపడే మార్గం నిష్పత్తులు. మూత దిగితే మసితో పాటు కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా అదే నిష్పత్తిలో పెరగాలి. మసి ఒక్కటే ఎక్కువ పెరిగి నైట్రోజన్ ఆక్సైడ్లు అంత పెరగలేదంటే ఇంజన్ కాని మంట ఏదో కలిసింది అని అనుమానించొచ్చు, ఎందుకంటే ఇంజన్ల వేడిలో పుట్టినంత నైట్రోజన్ ఆక్సైడ్ చెత్తో కట్టెలో నెమ్మదిగా కాలితే పుట్టదు. దగ్గర్లోని మానిటరింగ్ స్టేషన్ డేటా తీసుకుని ఇలా వేస్తే రాత్రి పదకొండు తర్వాత నిష్పత్తి పక్కకి జరుగుతోంది. ఇంట్రెస్టింగ్.

నీలం రంగు సాక్ష్యం

470 ఎల్ఈడీ ఇక్కడ పనికొచ్చింది. ఇంజన్ మసి అన్ని రంగుల్నీ ఇంచుమించు ఒకే తీరుగా మింగుతుంది, తరంగదైర్ఘ్యం తగ్గే కొద్దీ మింగుడు దానికి తగ్గట్టు నిదానంగా పెరుగుతుంది. కట్టెలూ ఆకులూ పొగలాడుతూ కాలితే వచ్చే గోధుమ రంగు ఆర్గానిక్ సరుకు నీలాన్నీ అతినీలలోహితాన్నీ విపరీతంగా మింగుతుంది. ఈ పెరుగుదల ఎంత నిటారుగా ఉందో చెప్పే ఘాతాన్ని ఆంగ్‌స్ట్రమ్ ఎక్స్‌పొనెంట్ అంటారు. శాండ్రాదేవి టీమ్ 2008లో దీన్నే పట్టుకుని ట్రాఫిక్ ఎంత, కట్టెపొగ ఎంత అని విడదీసే మోడల్ ఇచ్చింది. ట్రాఫిక్‌కి ఘాతం 1 దగ్గర, కట్టెపొగకి 2 దగ్గర అనుకుని, మన కొలత రెండింటి మధ్య ఎక్కడుందో చూసి వాటాలు చెప్పడం.

వినడానికి బాగుంది, అందుకే అందరూ వాడతారు. నా రాత్రి డేటాలో కొన్ని గంటలకి ఘాతం 1.2 దగ్గర వచ్చింది. 1, 2 పెట్టి లెక్కేస్తే 880 దగ్గర కట్టెపొగ వాటా 15 శాతం. జోటర్ వాళ్లు 2017లో రేడియోకార్బన్ (కార్బన్ 14, దాని సంగతి కింద చెప్తా) కొలతలతో సరిచూసి 0.9, 1.68 వాడమన్నారు. అవి పెడితే అదే గంటకి, అదే ఫిల్టర్‌కి, అదే కాంతికి వాటా 33 శాతం. రెండింతలకి పైనే! గాలి కదల్లేదు, నా బాక్స్ కదల్లేదు, స్ప్రెడ్‌షీట్లో రెండు సెల్స్ మారాయి అంతే.

అందుకని ఇప్పుడు నేను వాటాల శాతాలు రాయడం మానేశా. ఘాతం ఇంత వచ్చింది, ఈ టైమ్‌లో పెరిగింది, ఈ టైమ్‌లో తగ్గింది అని రాస్తున్నా. పెరుగుదల తగ్గుదల గట్టిగానే నిలబడుతుంది, ఏ జత నంబర్లు పెట్టినా రాత్రి పొగ వాటా పెరిగిందనే మాట మారదు, ఎంత పెరిగిందనేదే మారుతుంది. ఇంకో తిరకాసు, మట్టిలో ఐరన్ ఆక్సైడ్ ఉంటే అది కూడా నీలాన్ని మింగుతుంది, దుమ్ము రోజున ఘాతం పెరిగితే కట్టెపొగ అనుకునే ప్రమాదం ఉంది. ఇన్‌లెట్ దగ్గర పెద్ద కణాల్ని ఆపే కట్ పెడితే ఇది చాలా తగ్గుతుంది. ఇక చెత్త కాల్చినప్పుడు ప్లాస్టిక్ కాయితం ఆకులు అన్నీ కలిసి కాలుతాయి, దానికి ఏ ఘాతం అనుకోవాలి? ఈ మోడల్లో ఉన్నవి రెండే గదులు, చెత్త పొగని ఏదో ఒక గదిలోకి తొయ్యక తప్పదు.

గాలి ఎటునుంచి

గాలి దిక్కు, వేగం కలిపి పోలార్ ప్లాట్ వేశా, అంటే ఏ దిక్కు గాలికి, ఎంత వేగానికి మసి ఎంతుందో చూపే గుండ్రటి బొమ్మ. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఓపెన్‌ఎయిర్ ప్యాకేజీ ఉంది, డేవిడ్ కార్‌స్లా మొదలుపెట్టింది, దీనికి అంతకంటే సుఖమైనది నాకు దొరకలేదు. మధ్యలో నల్లగా ఉంటే గాలి స్తంభించినప్పుడు పక్కనే ఉన్న మూలం పేరుకుంటోందని, అంచుల్లో ఒక దిక్కున ఉంటే గాలి మోసుకొస్తోందని మొదటి అంచనా. నాకు రెండూ ఉన్నాయి. ఒక్క జాగ్రత్త, గాలి సెకనుకి ఒక మీటర్ కంటే తక్కువ ఉన్నప్పుడు దిక్కు అనేది పేరుకే, పక్క బిల్డింగ్ చుట్టూ సుడి తిరుగుతూ ఎటు పడితే అటు చూపిస్తుంది. రాత్రి పొగ గంటలు ఎక్కువగా అలాంటివే కావడం నా ఖర్మ.

కెమిస్ట్రీకి పంపాల్సినవి

కాంతి, టైమ్, గాలి ఇవన్నీ పరోక్ష సాక్షులు. నేరుగా చెప్పేది కెమిస్ట్రీ. సెల్యులోజ్ కాలితేనే పుట్టే లెవోగ్లూకోసన్ అనే చక్కెర ఫిల్టర్ మీద దొరికితే కట్టె, ఆకు, కాయితం ఏదో కాలినట్టే. హోపేన్లు అనే ఆర్గానిక్ పదార్థాలు ఇంజన్ ఆయిల్ వైపు వేలు చూపిస్తాయి, బొగ్గు పొగలో కూడా ఉంటాయి కాబట్టి వాటి రకాలు విడదీసి చూడాలి. అన్నిటికంటే గట్టిది కార్బన్ 14. దాని అర్ధాయువు 5,730 ఏళ్లు, పెట్రోల్, డీజిల్, బొగ్గు కోట్ల ఏళ్లు భూమిలో ఉన్నవి కాబట్టి వాటిలో అది మిగల్లేదు, మొన్న మొన్నటి చెట్టులో ఉంటుంది. ఎలిమెంటల్ కార్బన్ని విడదీసి కార్బన్ 14 కొలిస్తే శిలాజ ఇంధనం వాటా ఎంతో దాదాపు సూటిగా వస్తుంది. కానీ డీజిలా బొగ్గా అని అది చెప్పదు, బయోడీజిల్ పోసిన బండిని చెట్టు లెక్కలో వేస్తుంది.

దీనికి నా చిన్న మచ్చ చాలదు, క్వార్ట్జ్ ఫిల్టర్ మీద విడిగా ఎక్కువ గాలి లాగే పంపుతో రాత్రి శాంపిల్, పగలు శాంపిల్ వేరువేరుగా పడుతున్నా. ఫిల్టర్లని ముందే 550 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చి శుభ్రం చేయాలి, కాల్చిన అల్యూమినియం ఫాయిల్లో చుట్టాలి, చిమటాతో తప్ప ముట్టుకోకూడదు, తర్వాత ఫ్రీజర్లో పెట్టాలి. క్వార్ట్జ్ గాలిలోని ఆర్గానిక్ ఆవిర్లని కూడా పీల్చుకుంటుంది కాబట్టి వెనక ఇంకో ఫిల్టర్ పెట్టి దాని మీద వచ్చిన ఆర్గానిక్ కార్బన్ని ముందుదాన్లోంచి తీసేస్తున్నా. గాలి లాగకుండా ఊరికే బిగించి తీసిన ఫీల్డ్ బ్లాంకులు కూడా పంపాలి, అవి లేకపోతే ల్యాబ్ వాళ్లిచ్చే నంబర్లో ఎంత గాలిలోదో, ఎంత మన చేతుల నుంచి అంటుకున్నదో తేలదు. ముందు లెవోగ్లూకోసన్, కార్బన్ 14 ఖరీదైన వ్యవహారం కాబట్టి మరీ తేడా చూపించిన రాత్రులకే.

ఇప్పుడు

రెండో డబ్బా తయారైంది. ఒకటి రోడ్డు అంచున, ఒకటి రోడ్డుకి దూరంగా పెడితే రెండింటి తేడాయే ఆ రోడ్డు సొంత మసి, మిగిలింది సిటీ మొత్తం మీద పరుచుకున్నది. ఏ ఘాతమూ ఊహించక్కర్లేదు, అందుకే ఈ పద్ధతి నాకు ఎక్కువ నచ్చింది. అయితే రెండు డబ్బాలు ఒకే గాలికి ఒకే నంబర్ చెప్తేనే తేడాకి అర్థం ఉంటుంది, కాబట్టి ప్రస్తుతానికి రెండూ ఒకే ఇన్‌లెట్ మీద పక్కపక్కన నడుస్తున్నాయి. 880లో కలిశాయి. 470లో రెండోది కొంచెం ఎక్కువ చూపిస్తోంది, ఎల్ఈడీ అసలు తరంగదైర్ఘ్యం డేటాషీట్లో రాసినదానికి తేడా ఉందేమో స్పెక్ట్రోమీటర్ దగ్గర పెట్టి చూశాక దాన్ని రోడ్డు మీదకి పంపిస్తా.